విశ్వాసమే పడుగు

పాఠశాల యనగానే మనకు తరగతి గదియు, నల్లబల్లయు, బాలబాలికలును స్ఫురింతురు. ఉపాధ్యాయుల గది అంతగా స్ఫురింపదు. కాని పాఠశాల మంచిచెడ్డలు చాలవరకు ఆ గదిలోనే నిర్ణయమగుచుండును. “నా తరగతిలో పదిమందికి ఇంకను చదువుట రాలేదు” అని ఒక ఉపాధ్యాయుడు నిర్భయముగా చెప్పగలిగిన చోట ఆ పదిమందికిని దారి దొరకును. ఆ మాటయే రేపు తనపై ఆయుధమగునని శంకించిన చోట ఆయన మిన్నకుండును. ఆ మౌనమునకు మూల్యము చెల్లించువారు పిల్లలు.

నాయకత్వమును గూర్చిన పుస్తకములు నేడు కొల్లలుగా వెలువడుచున్నవి. అట్టి చదువు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు క్రొత్తది కాదు. 2016లో జిల్లాల పునర్విభజనకు పూర్వము ఈ మూడు పట్టణములును కరీంనగర్ జిల్లాలోనివే. ఆ సీమకు ప్రాచీన నామము సబ్బినాడు. సబ్బినాటి రామగిరిలో, 15వ శతాబ్దమున, ముత్తభూపాలుని మంత్రియగు కందనామాత్యుని ఆదరము పొందిన కవి మడికి సింగన. ఆయన కూర్చిన ‘సకలనీతిసమ్మతము’ రాజ్యము నడుపువారికి ఉపకరించు నీతిపద్యముల సంకలనము.

సింగన తాను గ్రహించిన గ్రంథముల పేర్లు దాచలేదు. అందువలననే నేడు పూర్తిగా లభింపని రుద్రదేవుని ‘నీతిసారము’, శివదేవయ్య ‘పురుషార్థసారము’ వంటి కృతుల పద్యములు కొన్ని మనకు దక్కినవి. ప్రధానోపాధ్యాయుడు నేర్వదగిన మొదటి పాఠమిది. పదవ తరగతి ఫలితములు బాగుగా వచ్చిననాడు, సాయంకాలము ప్రత్యేక తరగతులు నడపిన గణితోపాధ్యాయుని పేరు సభలో వినబడవలెను. ఒకరి శ్రమ మరియొకరి పేర చెల్లిపోయినచో, మరుసటి ఏడు ఆ శ్రమ చేయువారుండరు.

ఆధునికుల పరిశోధనయు ఈ మార్గముననే సాగినది. చికాగో నగరపు ప్రాథమిక పాఠశాలలను ఏండ్ల తరబడి పరిశీలించి ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అను విద్వాంసులు 2002లో ఒక గ్రంథము వెలువరించిరి. పరస్పర విశ్వాసము బలముగానున్న పాఠశాలలలో పఠనమును, గణితమును మెరుగుపడు అవకాశమధికమని వారు కనుగొనిరి. ఆ విశ్వాసమునకు వారు చెప్పిన ఆధారములు నాలుగు: గౌరవము, ఆదరణ, సామర్థ్యము, చిత్తశుద్ధి.

ఇవి పెద్ద మాటలుగా తోచును గాని, ఆచరణలో చిన్న పనులే. క్రొత్తగా చేరిన ఉపాధ్యాయిని మాట సమావేశమున చివరిదాక వినుట గౌరవము. ఇంటిలో జబ్బుమనిషి యున్న సహోపాధ్యాయుని పీరియడు తాను తీసికొనుట ఆదరణ. తన పాఠము తాను చక్కగా చెప్పుట, చెప్పలేనిచోట సాయమడుగుట సామర్థ్యము. గంట కొట్టువేళకు అందరును రావలెనని ఆదేశించినవాడు తాను ముందుగా వచ్చుట చిత్తశుద్ధి.

విశ్వాసమనగా తప్పులు కప్పిపుచ్చుట కాదు. పని ఎగవేయువానిని ఉపేక్షించినచో పనిచేయువాని నమ్మకము చెడును. సిరిసిల్ల సాంచాలపై పడుగుపోగు తెగినపుడు నేతకారుడు సాంచాను ఆపి, తెగిన పోగును వెదకి ముడివేసి మరల నడపును. ఆపక నడపినచో ఆ లోపము గుడ్డ పొడవునా సాగిపోవును. ఉపాధ్యాయుల నడుమ మాట తేడా వచ్చినపుడును అట్లే చేయవలెను. ఆనాడే పిలిచి అడుగవలెను. అందరియెదుట గాక ఏకాంతమున అడుగవలెను.

కావున ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. నెలకొక అధ్యాయము కలిసి చదువుడు. చదివినదానినుండి ఒక్క పని నిశ్చయించుకొనుడు. మరుసటి నెల, ఆ పని జరిగినదా యని మొదట ప్రధానోపాధ్యాయునే అడుగుడు. ఆయన “జరుగలేదు” అని నిజము చెప్పగలిగిననాడు, ఆ గదిలో తక్కినవారికిని నిజము చెప్పు ధైర్యము కలుగును.

ప్రభుత్వ పాఠశాలలలో బదిలీలు తప్పవు. జగిత్యాలలో నిన్న పనిచేసినవారు నేడు కోరుట్లలో నుండవచ్చును. మనుష్యులు మారినను మంచి అలవాటు నిలుచును. దానిని గమనించుచు పెరుగువారు విద్యార్థులు. కలిసి పనిచేయుట యెట్లో ఏ పాఠ్యపుస్తకమునుండి కంటెను, తమ గురువులు ఒకరితో నొకరు మెలగు తీరునుండియే వారు ఎక్కువగా నేర్చుకొందురు.