త్వరిత సందేశము – కార్యసాధనము

పూర్వము శీఘ్రముగా వార్త నంపవలసినవారు తంతి కచేరికి బోవుచుండిరి. మాటల లెక్కనుబట్టి రుసుము గావున, ఎవ్వరును అనవసరమైన మాట వ్రాయకుండిరి. మన దేశమున ఆ సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. 2009లో వెలసిన వాట్సాప్ నేడు చాలమంది ఉద్యోగుల చేతిలో నున్నది. ఇందు వ్రాయువానికి మాటకు రుసుము లేదు. చదువువాడు తన కాలమును వెచ్చించుచున్నాడు. శుభోదయములు, పరిహాసములు నిండిన సమూహమున ముఖ్యవార్త మఱుగుపడును.

దీనివలన నష్టమేమని కొంద ఱడుగవచ్చును. మన మర్రిగూడ సంగతియే చూతము. ఈ ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. త్రాగునీట నది లీటరునకు ఎంతమాత్రమును 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగవచ్చును. కాచినను ఫ్లోరైడు పోదు. కావున నల్లానీరు ఆగునపుడు జనులు బోరునీటికి బోకుండ జూచుట ముఖ్యము. “రేపు నీరు రాదు” అని మాత్రము వ్రాసిన చాలదు. ఏ గ్రామమునకు, ఎన్ని గంటలనుండి ఎన్ని గంటలవఱకు, అంతవఱకు మంచినీ రెచ్చట దొరకును, ఎవరి నడుగవలెను అను నాలుగు సంగతులు నొక్క సందేశమున నున్నచో, తల్లులు ముందునాడే బిందెలు నింపుకొందురు.

కార్యాలయములలోను నిట్లే. ఒక సందేశమున నొక్క పనియే యుండవలెను. చేయవలసినవారి పేరును, గడువును దెలుపవలెను. రెండు నీలిగుర్తులు చదివినట్లు చెప్పును గాని, పనికి బూనుకొన్నట్లు చెప్పవు. “నేను చేసెదను”, పిమ్మట “అయినది” అను బదులు రావలెను. తీర్మానములను పుస్తకమున కెక్కింపవలెను. మందలింపులు ముఖాముఖిగా జరుగవలెను. ఒకరి రోగముగాని, మార్కులుగాని సమూహమున బెట్టరాదు. అత్యవసరమైనచో సందేశమును నమ్మక, ఫోనులో మాటలాడవలెను.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 జనవరి 30న “మన మిత్ర” యను పేర 161 సేవలను వాట్సాప్ ద్వారా ప్రారంభించినది. అందు మొదట సేవ నెన్నుకొని, పిదప అడిగిన వివరముల నీయవలెను. ఆ క్రమమే దాని బలము.

విద్యార్థులారా! రేపు మీరు బడులలో, ఆసుపత్రులలో, కచేరులలో పనిచేయుదురు. సందేశము నంపుటకు ముందు దానిని అందుకొనువాని కన్నులతో నొకసారి చదువుడు. అతడు మరల ప్రశ్నింపక పని మొదలిడగలిగిన నంపుడు, లేనిచో దిద్దుడు.