మగ్గంపై విరిసే సృజన... మజూరీకి అందని విలువ

కాశీలో మగ్గం నేస్తూ జీవించిన కబీరుకు తన వృత్తే కవితా సామగ్రిని అందించింది. పడుగు, పేక, దారం, దుప్పటి ఆయన పదాలలో దేహానికీ జీవితానికీ ఉపమానాలయ్యాయి. తెలుగునాట పద్మశాలీలు తామరతూడు నారతో దేవతలకు వస్త్రాలు నేసిన భావనారుషిని తమ మూలపురుషునిగా కొలుస్తారు. నేయడమంటే సృష్టించడమేనన్న భావన ఈ ఉపఖండంలో అంత ప్రాచీనమైనది. ఆ భావనకు నేటికీ సజీవ సాక్ష్యంగా నిలిచిన వాటిలో జాందానీ నేత ఒకటి.

పారశీక భాష నుంచి పేరు తెచ్చుకున్న ఈ నేత బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపాన, శీతలక్ష్య నదీతీరంలోని రూప్‌గంజ్ ప్రాంతంలో నేటికీ సాగుతోంది. మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు గురువు, మరొకరు శిష్యుడు. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక పేకను వేస్తుంది. ఆ వెంటనే పువ్వు రావలసిన చోట మాత్రమే వేరొక దారాన్ని చిన్న పుల్ల సాయంతో పడుగు పోగుల మధ్యకు చేతితో దూర్చి తీస్తారు. పువ్వు హద్దు చేరగానే ఆ దారం అక్కడే ఆగిపోతుంది. మళ్లీ నాడె, మళ్లీ పుల్ల. ఇటువంటి వరుసలు ఎన్నో పడితే గాని ఒక్క పువ్వు పూర్తి కాదు. పనితనాన్ని బట్టి ఒక చీరకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది.

ఇంతటి ప్రయాసలో ఆనందం ఎక్కడిదన్న ప్రశ్న సహజం. సమాధానం ఈ నేత పద్ధతిలోనే ఉంది. ఫ్రాన్సు దేశస్థుడు జకార్డ్ 1804లో రూపొందించిన పరికరంలో రంధ్రాల అట్టలు నమూనాను ముందుగానే నిర్ణయిస్తాయి. ఒకసారి అట్టలు బిగించాక మగ్గం వాటిని అనుసరించవలసిందే. జాందానీలో రెమ్మ ఎటు ఒరగాలో, రంగు ఎక్కడ మారాలో ప్రతి పేక వద్దా నిర్ణయించేది నేతగాని చేయి. ఢాకా సంప్రదాయంలో నమూనా గురువు స్మృతిలోనే ఉంటుంది. ఆయన లయబద్ధంగా పలుకుతుంటే శిష్యుడు పోగులు లెక్కిస్తూ అనుసరిస్తాడు. వేయి పచ్చలు అని అర్థమిచ్చే ‘పన్నా హజార్’, ఏటవాలు వరుసల ‘తేర్ఛా’ వంటి నమూనాలు అలా తరం నుంచి తరానికి అందినవే. ఆలోచించే వారూ, ఆచరించే వారూ వేరు కాని ఈ పనిలో, ఖాళీ పడుగుపై తన చేతి కిందే పువ్వు విచ్చుకోవడం చూసే తృప్తి నేతగానికే సొంతం.

వలస పాలనలో మిల్లు వస్త్రాల తాకిడికి ఢాకా మస్లిన్ కుప్పకూలినా, దాని సంతతి అయిన జాందానీ మాత్రం నిలదొక్కుకుంది. 2013లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో బంగ్లాదేశ్ తన తొలి భౌగోళిక గుర్తింపును జాందానీకే ఇచ్చింది. ఈ నేత ఆ ఒక్క దేశానికే పరిమితం కాలేదు. మన కాకినాడ జిల్లా ఉప్పాడలో నేసే జాందానీ చీరలకు 2009లోనే భారత ప్రభుత్వ భౌగోళిక గుర్తింపు లభించింది. దేశ విభజన అనంతరం తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన నేతకారులు పశ్చిమ బెంగాల్‌లోని ఫులియాను పేరున్న నేత కేంద్రంగా మార్చారు. సరిహద్దు గీత పడినా పోగు తెగలేదు.

అయితే గుర్తింపు వేరు, గిట్టుబాటు వేరు. 1995-96 గణనలో దేశంలో 65 లక్షలకు పైగా ఉన్న చేనేత, అనుబంధ పనివారి సంఖ్య 2009-10లో 43.31 లక్షలకు, 2019-20 నాటి నాలుగో గణనలో 35.22 లక్షలకు తగ్గిపోయింది. నేత కుటుంబాలలో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్లలో నెలసరి ఆదాయం 5 వేల రూపాయలకు మించడం లేదని అదే గణన వెల్లడించింది. పనివారిలో 70 శాతానికి పైగా మహిళలే కావడం గమనార్హం. కండెలు చుట్టడం వంటి వారి శ్రమకు చాలాచోట్ల విడిగా మజూరీ కట్టే ఆనవాయితీ కూడా లేదు.

చట్టపరమైన రక్షణ లేకపోలేదు. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. కానీ మొదట 22గా ఉన్న ఆ రకాలు తర్వాత 11కు కుదించబడ్డాయి. మరోవైపు మరమగ్గాలు చేనేత నమూనాలను అనుకరించి చౌకగా బజారుకు తెస్తున్నాయి. అసలైన చేనేతను గుర్తించేందుకు 2006లో ‘హ్యాండ్లూమ్ మార్క్’ ప్రవేశపెట్టారు. స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. 2020లో అఖిల భారత చేనేత బోర్డును మాత్రం రద్దు చేశారు.

మూలమైన చిక్కు మజూరీ లెక్కలో ఉంది. నూలు ఇచ్చే షావుకారు చీరకు ఇంతని కట్టే కూలిలో చేతి కదలికకు కొంత వెల ఉండవచ్చు గాని, ఆ చేతిని నడిపించిన ఊహకు వెల కట్టడం అరుదు. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది గాని, ఆ ఊరి నేతగాని రాబడికి హామీ ఇవ్వదు. నేతలోని ఆనందమే నేతగానికి ప్రతిఫలమని సరిపెట్టుకునే హక్కు కొనేవారికీ, పాలకులకూ లేదు. తండ్రి ఆ ఆనందాన్ని అనుభవించడం చూస్తూ పెరిగిన కొడుకు, ఆ ఇంట్లో పొయ్యి ఎన్ని పూటలు వెలిగిందో కూడా చూస్తూనే పెరుగుతాడు. అతడు మగ్గం గుంటలో దిగేదీ, పట్నం బస్సు ఎక్కేదీ తేల్చేది ఆ రెండో లెక్కే. జాందానీ పూల నమూనాలు ప్రధానంగా మనుషుల జ్ఞాపకంలో బతుకుతాయి గనుక, ఆ బస్సు ఎక్కే ప్రతి ఒక్కరితో కొన్ని పూలు శాశ్వతంగా వెళ్లిపోతాయి.