సంత ఎప్పుడు కళకళలాడుతుంది?

సంత నిండా సరుకు ఉంది. కొనేవాళ్లు లేరు. పనులు లేక కూలీల చేతిలో డబ్బు ఆడటం లేదు. కూలీలు కొనకపోతే దుకాణం నడవదు. దుకాణం నడవకపోతే నేత చీర అమ్ముడుపోదు. మగ్గం ఆగుతుంది. దేశమంతా ఇట్లా అయితే దాన్ని మాంద్యం అంటారు.

మరి ప్రభుత్వం ఏం చేయాలి? పన్నులు తగ్గించాలా? తానే ఖర్చు పెట్టి పనులు చేయించాలా?

మన దేశంలో రెండూ చేశారు. 2019 సెప్టెంబరులో, రాయితీలు వదులుకున్న కంపెనీలకు లాభాల మీద పన్ను 22 శాతానికి తగ్గించారు. అంతకుముందు పెద్ద కంపెనీలకు 30 శాతం ఉండేది. కంపెనీలకు డబ్బు మిగిలింది. కాని కొనేవాళ్లు లేకపోతే కొత్త ఫ్యాక్టరీ ఎవరు పెడతారు?

2020లో కరోనా వచ్చింది. వలస పోయినవాళ్లు ఊళ్లకు తిరిగొచ్చారు. ఉపాధి హామీ పథకానికి కేంద్రం అదనంగా 40 వేల కోట్ల రూపాయలు ఇచ్చింది. 2020-21లో 7 కోట్లకు పైగా కుటుంబాలకు పని దొరికింది. కూలి డబ్బు దాచిపెట్టే డబ్బు కాదు. బియ్యానికి, నూనెకు, పిల్లల బట్టలకు వెంటనే పోతుంది. అదే డబ్బు దుకాణానికి, అక్కడి నుంచి మగ్గానికి చేరుతుంది. చెరువు పూడిక తీస్తే ఊరికి నీళ్లు కూడా నిలుస్తాయి.

అట్లాగని పన్ను తగ్గింపు వద్దని కాదు. 2025 సెప్టెంబరులో సబ్బు, తలనూనె మీద జి.ఎస్.టి. 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇవి పేదలూ కొనేవే. దుకాణంలో ధర తగ్గితే వాళ్లకూ మేలే.

ఖర్చులోనూ జాగ్రత్త కావాలి. దొంగ మస్టర్లు రాస్తే, కూలి నెలల తరబడి రాకపోతే, ఎంత ఖర్చు పెట్టినా సంత కళకళలాడదు.

అందుకే రెండు ప్రశ్నలు అడగాలి. డబ్బు ఎవరి చేతికి చేరింది? ఎప్పుడు చేరింది?