షుగరు పుండుకి కొలాజెన్ పట్టీ - కొనేముందు నాలుగు ప్రశ్నలు

షుగరున్న వాళ్ళ కాలికి పుండు పడితే ఇంటిల్లిపాదికీ బెంగే. నెలల తరబడి కట్లు కట్టించినా ఒక పట్టాన మానదు. ఈమధ్య అలాంటప్పుడు కొందరు డాక్టర్లు కొలాజెన్ షీటు వేద్దామంటున్నారు. చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్తే, అరచేయంత పట్టీకి వందల రూపాయలు! కొనాలా, వద్దా? కొంటే మానుతుందా? మా ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీద బస్సెక్కి సిటీకి కట్టు కట్టించుకోడానికి వెళ్ళొచ్చే వాళ్ళ ఇళ్ళల్లో ఈ మాటలే వినిపిస్తుంటాయి. ఇంట్లో డబ్బు లెక్కా, కట్టు లెక్కా చూసేది మనమే కదా! అందుకని సంగతేమిటో తెలుసుకుందాం.

కొలాజెన్ అంటే?

మన చర్మంలోనూ, ఎముకల్లోనూ వుండే ఒక మాంసకృత్తి ఇది. ఒంట్లో వుండే మాంసకృత్తుల్లో దాదాపు మూడోవంతు ఇదే. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పరంజా కడతారు చూడండి, గాయం మానేటప్పుడు కొత్త కండకి కొలాజెన్ అలాంటి పరంజా. షుగరు పుండులో వాపు త్వరగా తగ్గదు. అక్కడ చేరే ఎంజైములు కట్టిన పరంజాని కట్టినట్టే కరిగించేస్తుంటాయి. పైనుంచి కొలాజెన్ పట్టీ పరిస్తే ఆ ఎంజైములు దాని మీద పడతాయి, అడుగున కొత్త కండ పెరిగే వీలుంటుంది. ఇదీ దీని వెనకున్న ఆలోచన.

దీన్ని పశువుల చర్మం నుంచీ, కొన్ని రకాలు చేపల నుంచీ తీస్తారు. చెన్నై అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ మన దేశంలో దీని మీద చాలా పని చేసింది. ఆచారం పట్టింపు వున్నవాళ్ళు ఏ జంతువు నుంచి తీసిందో ముందే అడగండి. ఏదైనా పడకపోతే ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి.

ఇది మంత్రం కాదు సుమండీ!

షుగరు పాదాల వైద్యంలో పేరున్న అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో తన సూచనల్ని సవరించింది. ఈ పుండ్లు మాన్పడానికని కొలాజెన్ పట్టీలు వాడవద్దనీ, ఉపయోగం వుందనడానికి గట్టి రుజువులు లేవనీ అందులో వుంది. మన దగ్గర శుభ్రంగా వున్న పుండుకి సాయంగా వాడే డాక్టర్లున్నారు. ఎవరు ఏం చెప్పినా ఒక్క మాట మాత్రం ఖాయం. పునాది లేనిచోట పరంజా ఎంత ఖరీదైనదైనా నిలవదు. కాబట్టి పర్సు తీసేముందు ఈ నాలుగూ అడగండి.

1. పాదానికి రక్తం అందుతోందా? డాక్టరు పాదం మీద నాడి పట్టి చూస్తారు, అవసరమైతే డాప్లర్ పరీక్ష రాస్తారు. రక్తమే రాని కాలికి ఏ పట్టీ వేసినా మానదు. బీడీ, సిగరెట్టు అలవాటుంటే ఈరోజే మాన్పించండి.

2. చీము, చచ్చిన కండ తీసేశారా? అవి లోపల వుండగా పైన పట్టీ వేస్తే లోలోపలే ముదురుతుంది. ఎముకకి పాకిందేమో ఎక్స్‌రే తీయాలా అని కూడా అడగండి.

3. పుండు మీద బరువు పడకుండా ఏం చెయ్యాలి? ఇది అన్నిటికన్నా ముఖ్యం, మనవాళ్ళు మరిచేదీ ఇదే. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఒక సంగతి కనిపెట్టారు. కుష్ఠు రోగుల చేతులూ కాళ్ళూ పాడవడానికి ముఖ్యకారణం నొప్పి తెలియకపోవడమేనని. రాత్రి ఎలుకలు కొరికినా తెలియడం లేదని రోగులకి పిల్లుల్ని ఇచ్చి పెంచుకోమన్నారట! తర్వాత ఆయన అమెరికా వెళ్ళి ఈ పాఠాన్నే షుగరు పాదాలకీ వర్తింపజేశారు. నొప్పి లేదని ఆ కాలితోనే నడుస్తుంటే పుండు రోజూ నలుగుతూనే వుంటుంది. ప్రత్యేకమైన సిమెంటు కట్టో, మెత్తటి ఎం.సి.ఆర్. చెప్పులో డాక్టరు ఏది చెబితే అది వాడాలి, ఇంట్లో కూడా.

4. షుగరు అదుపులో వుందా? ‘పప్పు తింటే చీము పడుతుంది’ అని మన పెద్దవాళ్ళు పథ్యం పెడతారు. అది నిజం కాదండీ. గాయం పూడాలంటే పప్పు, గుడ్డు, పెరుగు కావాలి. మూత్రపిండాల జబ్బు వుంటే మాత్రం ఎంత తినాలో డాక్టర్ని అడగండి.

పట్టీ వేశాక

అది నెమ్మదిగా పుండులో కలిసిపోతుంది. అంటుకున్నదాన్ని లాగకండి, మళ్ళీ ఎప్పుడు మార్చాలో డాక్టరే చెబుతారు. కట్టు విప్పినప్పుడు పసుపుపచ్చని జిగురు కనబడితే చీమనుకుని గీకెయ్యకండి. అదేమిటో చూపించి అడగండి. దుర్వాసన, చుట్టూ ఎరుపు, వాపు, జ్వరం, నలుపు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో పసుపు, సున్నం, కాఫీపొడి అద్దడం, వేడినీళ్ళ కాపడం పెట్టడం అసలు వద్దు.

వారానికొకసారి పుండు పొడవూ వెడల్పూ కొలిచి కేలెండరు మీద రాసిపెట్టండి. నాలుగు వారాలకి సగమైనా తగ్గకపోతే అదే పట్టీ మళ్ళీ మళ్ళీ కొనేముందు ‘ఎక్కడ లోపం?’ అని డాక్టర్ని అడగండి. ఉస్మానియా, నిమ్స్ లాంటి పెద్దాసుపత్రికి రాయించుకోండి.

అసలు పుండే పడకుండా చూసుకోవడం మన చేతిలో పని. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాలు దీపం వెలుతురులో చూడాలి. ఆనెలు బ్లేడుతో కోయకూడదు. చెప్పు వేసుకునేముందు లోపల చెయ్యి పెట్టి చూడాలి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్లకి పైనే. అందులో మనలాంటి గృహిణులెందరో! ఇంట్లో అందరి కాళ్ళూ చూసి, మన కాళ్ళు మనం చూసుకోం. రోజంతా నీళ్ళలో నానేవి మన పాదాలే. అరికాలు కనబడకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా పిల్లల్ని చూడమనండి. ఈ రాత్రే మొదలుపెడతారు కదూ!