పాత కంప్యూటరుకు పెద్ద డిస్కు

2002కు ముందు కొన్న కంప్యూటరులో ఫోటోలు పట్టడం లేదని 250 గిగాబైట్ల హార్డ్ డిస్కు తెచ్చి బిగించారనుకోండి. అది 137 మాత్రమే చూపించవచ్చు. కొట్టువాడు మోసం చేశాడనుకోకండి!

డిస్కు నిండా చిన్న చిన్న అరలుంటాయి, ఒక్కో అరకి ఒక నంబరు. పాత పద్ధతిలో సుమారు 26 కోట్ల 84 లక్షల అరలకే నంబర్లు సరిపోతాయి. అరకి 512 బైట్ల చొప్పున లెక్కేస్తే 137 గిగాబైట్లే. ఆ హద్దు దాటి రాయబోతే ఒక్కోసారి నంబరు మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు పాత ఫోటోల మీదే కొత్తవి పడతాయి!

అందుకని ముందుగా అన్నిటికీ వేరేచోట నకలు తీసి, తెరిచి చూసుకోండి. తర్వాత కంప్యూటరును మేలుకొలిపే బయాస్, విండోస్ రెండూ పెద్ద డిస్కును గుర్తిస్తాయేమో బాగుచేసే అబ్బాయిని అడగండి. ఎక్స్‌పీ అయితే 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 అయినా ఉండాలి. డిస్కు మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మాయి పెళ్లి ఫోటోలు కొనలేం కదా!