వాస్తు చూశాం సరే.. నేల మాటేంటి?

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లం ముందు స్కూల్ రేటింగ్ చూస్తాం. తర్వాత ఆఫీసు ఎంత దూరమో చూస్తాం. తూర్పు ముఖం దొరికితే ఇంకో పదివేల డాలర్లు ఎక్కువైనా సరే అంటాం. ఆ నేల ఎప్పుడైనా కదిలిందా అని మాత్రం అడగం. అడిగేవాళ్ల కోసం ఇక్కడి భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ దేశం మొత్తానికీ పటం వేసిపెట్టింది. 2024 జనవరిలో వచ్చిన పటం ప్రకారం నష్టం చేసేంత కుదుపు దేశంలో దాదాపు 75 శాతం ప్రాంతానికి రావచ్చు.

ఇదంతా యంత్రాల లెక్కే అనుకుంటాం. కానీ భూకంపాలను కొలిచే యంత్రాలు ఇక్కడికొచ్చింది 1880ల చివర్లోనే. అంతకుముందు సంగతులకు ఉత్తరాలు, డైరీలు, పాత పేపర్లే దిక్కు. ఏ ఊళ్లో పొగగొట్టం కూలింది, ఎక్కడ గడియారం ఆగింది, ఎక్కడ జనం నిద్రలేచి బయటికి పరుగెత్తారు.. ఇలాంటివన్నీ ఏరి ఊరూరికీ తీవ్రత లెక్కగడతారు. మిస్సోరీ వైపు 1811-12 చలికాలంలో వచ్చిన న్యూ మాడ్రిడ్ భూకంపాల బలం తెలిసింది అలాగే. కాబట్టి సెయింట్ లూయిస్, మెంఫిస్‌లో ఉన్నవాళ్లు ‘మనది కాలిఫోర్నియా కాదుగా’ అనుకోవడానికి లేదు.

ఇక మనవాళ్లు బోలెడంతమంది ఉన్న ఫ్రీమాంట్. హేవార్డ్ ఫాల్ట్ అనే నేల చీలిక ఈ ఊళ్లోంచే పోతుంది. 1868 అక్టోబర్ 21న అది కదిలితే 30 మంది దాకా చనిపోయారు. అప్పట్లో వేసిన కమిటీ నివేదిక అచ్చే కాలేదు. వ్యాపారాలు దెబ్బతింటాయని తొక్కిపెట్టారన్న మాట కూడా ఉంది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో కూలాక లాసన్ కమిషన్ వాళ్లు 1868ని కళ్లారా చూసినవాళ్ల మాటలు రాసుకున్నారు. 1908లో అవి అచ్చయ్యాయి. ఈమధ్య కాలంలో ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్ పక్కన కందకాలు తవ్వి మట్టి పొరలు చదివితే, చివరి ఐదు పెద్ద కుదుపుల మధ్య సగటున సుమారు 140 ఏళ్లని తేలింది. 1868కి 140 కలిపితే 2008. సగటే లెండి, ముహూర్తం కాదు.

సియాటెల్ కథ ఇంకా వింత. 1700లో ఆ తీరాన రాసిపెట్టినవాళ్లు లేరు. స్థానిక తెగల నోటి కథలు, ఉప్పునీళ్లలో మునిగి చచ్చిన దేవదారు చెట్లు మిగిలాయంతే. జపాన్ ఊళ్ల లెక్కల పుస్తకాల్లో మాత్రం, నేల కదలకుండానే సముద్రం ఊళ్లోకొచ్చిందని ఆ ఏడాది జనవరి తేదీతో సహా ఉంది. 1996లో జపాన్ శాస్త్రవేత్త కెంజి సతాకే బృందం వెనక్కి లెక్కవేసి, జనవరి 26 రాత్రి 9 గంటల ప్రాంతంలో ఈ తీరంలోనే 9 మాగ్నిట్యూడ్ దరిదాపుల భూకంపం వచ్చిందని చెప్పింది. తర్వాత చెట్ల వలయాలూ ఆ చలికాలాన్నే చూపించాయి. రెడ్‌మండ్, బెల్‌వ్యూలో ఉన్న మన ఇళ్ల ముప్పు సముద్రం అవతల రాసిపెట్టి ఉందన్నమాట!

ఇవన్నీ మనకెందుకంటే.. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో భూకంపం ఉండదు. విడిగా తీసుకోవాలి. అద్దె ఇంట్లో సామాన్లకైనా అంతే. డిడక్టిబుల్ ఎక్కువ, అది చూసి వద్దనుకుంటే మీ ఇష్టం. ఉందనుకుని మాత్రం ఉండిపోకండి. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేవాళ్లు అది ఫాల్ట్ జోన్‌లో ఉందో లేదో కాగితం మీద చెప్పాలి. సంతకాల కట్టలో ఎక్కడో మధ్యలో ఉంటుందది. ఆ పేజీ వచ్చినప్పుడు పెన్ను కాస్త పక్కన పెట్టి చదవండి.