బడికి వెళ్తూనే పీజీ

"ఎం.ఎడ్. చేయాలా సార్, ఎం.ఏ. ఎడ్యుకేషన్ సరిపోతుందా?" స్టాఫ్ రూముల్లో ఏటా వినిపించే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది ఈ రెండూ ఇంచుమించు ఒకటేననీ, ఫీజులోనూ క్లాసుల సంఖ్యలోనూ మాత్రమే తేడా అనీ అనుకుంటారు. తీరా డిగ్రీ చేతికొచ్చాక, తాము కోరుకున్న పోస్టుకు అది పనికిరాదని తెలుసుకుంటారు. అందుకే ముందు ఈ రెండింటి సంగతి తేల్చుకుందాం.

ఎం.ఎడ్. అనేది టీచర్లను తయారుచేసేవాళ్ల కోసం పెట్టిన వృత్తి కోర్సు. దానికి కాలేజీ ఎలా ఉండాలి, ఎన్ని రోజులు నడవాలి, ఎవరు చెప్పాలి అన్నవన్నీ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, నిర్ణయిస్తుంది. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక తర్వాత ఎన్‌సీటీఈ 2014లో కొత్త నిబంధనలు తెచ్చింది. అప్పటిదాకా ఏడాది ఉన్న బీఎడ్, ఎం.ఎడ్. కోర్సులు 2015-16 నుంచి రెండేళ్లయ్యాయి. ఏడాదికి 200 పనిదినాలు, వారానికి 36 గంటలు, థియరీకి 80 శాతం, క్షేత్ర పనికి 90 శాతం హాజరు. ఉద్యోగం చేసేవాళ్లకు ఇది ఎలా కుదురుతుంది? కుదరదు, సెలవు పెడితే తప్ప. దూరవిద్యలో ఎం.ఎడ్. అన్న మాటకు ఆ నిబంధనల్లో చోటే లేకుండా పోయింది. పార్ట్‌టైమ్ పద్ధతి బీఎడ్‌కు ఉంది గానీ ఎం.ఎడ్.కు పెట్టలేదు. 2025లో వెలువడిన ముసాయిదాలో ఏడాది ఎం.ఎడ్.తో పాటు, పనిచేస్తున్న టీచర్లకు రెండేళ్ల పార్ట్‌టైమ్ ఎం.ఎడ్. ప్రతిపాదన ఉంది. ముసాయిదా వేరు, గుర్తింపు ఉన్న కాలేజీలో సీటు వేరు. "వచ్చే ఏడాది వస్తుందట" అన్న మాట మీద ఎవరికీ అడ్వాన్సు కట్టకండి.

ఎం.ఏ. ఎడ్యుకేషన్ దారి వేరు. చరిత్రలోనో అర్థశాస్త్రంలోనో ఎం.ఏ. చేసినట్టే ఇది విద్యను ఒక శాస్త్రంగా చదివే డిగ్రీ. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మనవాళ్లు ఇగ్నో అనేది, దీన్ని దూరవిద్యలో నడుపుతోంది. ఏదైనా డిగ్రీ ఉంటే చేరవచ్చు, బీఎడ్ లేకపోయినా ఫర్వాలేదు. తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి.

మరి ఏది ఎందుకు పనికొస్తుంది? బీఎడ్ కాలేజీలో విద్యా తత్వశాస్త్రం, మనోవిజ్ఞానం లాంటి పేపర్లు చెప్పడానికి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు రెండు దారులు చూపాయి. సామాజిక శాస్త్రంలో పీజీ, దానితో ఎం.ఎడ్. ఒక దారి. ఎం.ఏ. ఎడ్యుకేషన్, దానితో బీఎడ్ రెండో దారి. ఏ దారిలోనైనా 55 శాతం మార్కులు ఉండాలి. ఎడ్యుకేషన్ సబ్జెక్టులో యూజీసీ నెట్ రాయడానికి ఎం.ఏ. సరిపోతుంది. కానీ ఒక నోటిఫికేషన్‌లో "ఎం.ఎడ్." అని ప్రత్యేకంగా రాసి ఉంటే అక్కడ ఎం.ఏ.ని ఒప్పుకోరు. కాబట్టి మీరు ఏ పోస్టు కోసం చదువుతున్నారో, డైట్ లెక్చరరో మరొకటో, ఆ పోస్టుకు గతంలో వచ్చిన నోటిఫికేషన్‌లోని అర్హతల పేరా ముందు చదవండి. ప్రాస్పెక్టస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. "మీరు రానక్కర్లేదు మేడమ్, అటెండెన్సు మేం చూసుకుంటాం" అని నచ్చజెప్పే కాలేజీలు ఉన్నాయి. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ రెగ్యులర్ ఎం.ఎడ్.లో చేరి బడి జీతం కూడా తీసుకుంటే, ఒకే తేదీన ఒకే మనిషి రెండు రిజిస్టర్లలో సంతకం పెట్టినట్టు కాగితాలే చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి బడి హాజరు ముఖ గుర్తింపు యాప్‌లో పడుతోంది. ఏళ్ల తర్వాత ప్రమోషన్ సమయంలో ఎవరో ఒకరు ఫిర్యాదు రాస్తే, డిగ్రీతో పాటు ఉద్యోగమూ ప్రశ్నలో పడుతుంది. దూరవిద్య అయినా సరే, చేరకముందే శాఖకు దరఖాస్తు పెట్టి అనుమతి కాగితం తీసుకోండి. పూర్తయ్యాక సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకునే రోజున మొదట అడిగేది ఆ కాగితమే. అలాగే విశ్వవిద్యాలయానికి యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఆ సంవత్సరానికి, ఆ కోర్సుకు ఉందో లేదో చూసుకోవాలి. గుర్తింపు ఉంటే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ స్పష్టంగా చెప్పింది.

ఇక సమయం. "రోజూ ఒక గంట చదివితే చాలదా?" అంటారు. లెక్క వేసి చూద్దాం. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, కౌన్సెలింగ్ క్లాసులు అన్నీ అందులోనే. 64 క్రెడిట్ల కోర్సు అనుకుంటే 1920 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి 18 గంటలకు పైగా కావాలి. మూడేళ్లయితే 12 చిల్లర, నాలుగేళ్లయితే 9 చిల్లర. రోజుకో గంట అన్నది నాలుగేళ్లకు కూడా చాలదన్నమాట. ఇంట్లో వంట, పిల్లల చదువు, అత్తమామల ఆస్పత్రి పనులు ఉన్న టీచరమ్మకు వారానికి 18 గంటలంటే నిద్రలోంచి తీయాల్సిందే. చేరిన రోజే "మూడేళ్లు" అనుకుని మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. రెండేళ్లలో అవగొట్టాలని బయల్దేరి మధ్యలో మానేసినవాళ్ల కంటే మూడేళ్లకు పట్టా తీసుకున్నవాళ్లే నయం.

పైగా మన బడి క్యాలెండరుకూ ఈ చదువుకూ పొత్తు కుదరదు. ఇగ్నో టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలలు పదో తరగతి ఇన్విజిలేషన్‌కూ స్పాట్ వాల్యుయేషన్‌కూ పోతాయి. అసైన్‌మెంట్ల గడువూ సరిగ్గా ఆ రోజుల్లోనే మీద పడుతుంది. వాటిని చేత్తో రాయాలి, పేజీలకు పేజీలు. గడువు పొడిగించడం తరచూ జరిగేదే కాబట్టి "పొడిగిస్తారులే" అన్న ధీమాతో చాలామంది కూర్చుంటారు. దసరా సెలవులను డిసెంబరు పరీక్షలకూ, సంక్రాంతి సెలవులను అసైన్‌మెంట్లకూ రాసిపెట్టుకున్నవాళ్లు ఆ ధీమా మీద ఆధారపడక్కర్లేదు.

చదివే తీరులో కూడా ఒక మెలకువ ఉంది. మన వృత్తిలో రోజూ పిల్లలకు చెప్పేదే గానీ మనం పాటించనిది. జర్మన్ మనోవిజ్ఞాని హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని, నేర్చినదాన్ని మొదట్లోనే వేగంగా మరిచిపోతామనీ, విడతలుగా నెమరువేస్తే నిలుస్తుందనీ చూపాడు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా చేశారు. వారం గడిచాక చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్షకు పది రోజుల ముందు సెలవు పెట్టి గైడు తిరగేయడం కంటే, ఆరు నెలల పాటు వారానికి నాలుగు సార్లు ముప్పావు గంట చదివి, పుస్తకం మూసి అరపేజీ రాసుకోవడం మేలన్నది దీని సారం.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన టీచర్లకు అసలు అడ్డంకి భాష. ఇగ్నోలో ఈ ఎం.ఏ. ఇంగ్లిష్, హిందీ మాధ్యమాల్లోనే ఉంది. జాన్ డ్యూయీ, పియాజే, వైగాట్‌స్కీ, పాలో ఫ్రెయిరీ అన్న పేర్లు డీఎస్సీ బిట్లుగా తెలుసు. వాళ్ల వాదాన్ని నాలుగు పేజీల ఇంగ్లిష్‌లో రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. నాకు తోచిన దారి ఇది. ముందు ఆలోచన తెలుగులో ఒంటబట్టాలి. గిజుభాయి బధేకా రాసిన దివాస్వప్న తెలుగులో 'పగటి కల'గా దొరుకుతుంది, తెత్సుకో కురొయానగి తొత్తో-చాన్ 'రైలుబడి'గా దొరుకుతుంది. సిలబస్‌లో ఉన్నా లేకున్నా ఇవి చదివినవాళ్లకు డ్యూయీ కొరుకుడు పడతాడు. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫీజు కట్టకముందే ఒక యూనిట్ దింపుకుని చదవండి. గంటలో ఎన్ని పేజీలు సాగుతాయో తెలిస్తే, పైన వేసిన లెక్కను మీ చదువు వేగానికి తగ్గట్టు సవరించుకోవచ్చు.

చాలామంది బండి ఆగేది మాత్రం పరిశోధనా వ్యాసం దగ్గర. పేపర్లన్నీ పాసై, డిసర్టేషన్ ఒక్కటి మిగిలి, నాలుగేళ్ల గడువు ముంచుకొస్తుంది. కారణం బద్ధకం ఒక్కటే కాదు, విషయాన్ని ఎంచుకోవడంలో వచ్చే పొరపాటు. "గ్రామీణ విద్యార్థుల గణిత సాధనపై సామాజిక, ఆర్థిక స్థితి ప్రభావం" లాంటి శీర్షికలు గంభీరంగా ఉంటాయి. కానీ ఎన్ని ఊళ్లు తిరగాలి, ఎంతమంది తల్లిదండ్రుల ఆదాయం రాసుకోవాలి? పైగా వచ్చే జవాబు ముందే తెలిసినది.

దాని బదులు ఆరో తరగతి గది చూడండి. బోర్డు మీద 1/2 + 1/3 ఎంత అని రాస్తే, గదిలో కొందరైనా 2/5 అని వేస్తారు. పైవి కలిపారు, కిందివి కలిపారు. మనం ఇంటూ మార్కు పెట్టి, క.సా.గు. మళ్లీ చెప్పి ముందుకు పోతాం. విద్యాశాస్త్రం చదువుతున్న టీచరు అక్కడ ఆగి అడుగుతాడు: "సగం రొట్టె ఉంది, దానికి ఇంకో ముక్క కలిపాం. ఇప్పుడు సగం కంటే ఎక్కువుండాలా, తక్కువుండాలా?" "ఎక్కువ సార్." "మరి 2/5 సగం కంటే ఎక్కువా?" ఇక్కడ పిల్లలు రెండుగా చీలిపోతారు. కొందరు నాలుక కరుచుకుంటారు. కొందరు నమ్మకంగా "ఎక్కువే సార్" అంటారు, ఎందుకంటే వాళ్ల కంటికి 2, 5 అనేవి 1, 2 కంటే పెద్ద అంకెలు. మొదటివాళ్లకు భిన్నం విలువ తెలుసు, పద్ధతి తెలియదు. రెండోవాళ్లకు భిన్నం అంటే ఒకే సంఖ్య అన్న సంగతే అందలేదు, అది వాళ్లకు ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు అంకెలు. పూర్ణాంకాలతో ఏళ్ల తరబడి పనిచేసిన సూత్రాన్నే వాళ్లు ఇక్కడికీ తెచ్చారు. పేపరు మీద ఇద్దరి తప్పూ ఒకటే, ఇవ్వాల్సిన మందు వేరు. పియాజే పిల్లలను కూర్చోబెట్టి ప్రశ్న మీద ప్రశ్న అడిగి తెలుసుకున్నది ఇలాంటి సంగతులే.

ఇదే డిసర్టేషన్ కావచ్చు: మండలంలోని మూడు ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి పిల్లలు భిన్నాల కూడికలో చేసే తప్పులు, వాటి వెనక ఉన్న ఆలోచన. టీచరే తన బడి సమస్యను శాస్త్రీయంగా పరిశీలించే ఈ పద్ధతికి విద్యారంగంలో పెద్దపీట వేసినవాడు స్టీఫెన్ కోరీ. 1953లో ఆయన పుస్తకం వచ్చింది. అంతకుముందు 1940లలో కర్ట్ లెవిన్ ఈ చర్యాత్మక పరిశోధనకు పునాది వేశాడు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. మన సొంత క్లాసు పిల్లలు మనకు నచ్చే జవాబు చెప్పడానికి చూస్తారు. పక్క బడి పిల్లలను అడగండి, లేదా మీ పిల్లలను సహోపాధ్యాయుడి చేత అడిగించండి. హెచ్‌ఎం అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోండి, వ్యాసంలో పిల్లల పేర్లు రాయకండి. వేసవి సెలవుల్లో చూసుకుందాం అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. వేసవిలో రాసుకోవడానికి తీరిక ఉంటుంది గానీ బడిలో పిల్లలు ఉండరు. సమాచార సేకరణ ఫిబ్రవరికల్లా అయిపోవాలి. అంటే గైడ్‌ను వెతుక్కుని, ఆయన సమ్మతితో ప్రతిపాదన పంపి, ఆమోదం తెచ్చుకోవడం ఆ విద్యాసంవత్సరం మొదట్లోనే జరగాలి. డబ్బులిస్తే రాసిచ్చేవాళ్లు ఊరూరా ఉన్నారు. కొని తెచ్చుకున్న వ్యాసం మీద రెండు ప్రశ్నలు అడిగితే గుట్టు బయటపడుతుంది. అదలా ఉంచితే, కోర్సు మొత్తంలో మన క్లాసుకు నేరుగా అక్కరకొచ్చే భాగాన్ని కొనుక్కోవడం నాకు వింతగా తోస్తుంది.

మార్కుల సంగతి మొదటి నుంచే పట్టించుకోవాలి. పాసవడానికి 40 శాతం చాలు, ఆ పైన ఉద్యోగానికి 55 కావాలి. ఇగ్నోలో అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం వెయిటేజి. పరీక్షలో 50 మార్కులు తెచ్చుకున్న ఇద్దరిని తీసుకోండి. అసైన్‌మెంటులో 75 వచ్చినవారికి మొత్తం 57.5 అవుతుంది, 50 వచ్చినవారు 50 దగ్గరే ఆగిపోతారు. మొదటివారు నెట్ రాయవచ్చు. రెండోవారు జనరల్ కేటగిరీ అయితే రాయలేరు. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు నెట్‌లో 50 శాతం చాలు.

నెట్‌లో మొదటి పేపరు 100 మార్కులు, రెండోది 200, రెండూ కలిపి మూడు గంటలు. ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయవచ్చు, తర్వాత రెండేళ్లలోపు నిర్ణీత మార్కులతో డిగ్రీ పూర్తిచేయాలి. పరిశోధక ఫెలోషిప్‌కు వయసు అడ్డొస్తుంది గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయోపరిమితి లేదు. నలభై అయిదు దాటిన స్కూల్ అసిస్టెంటు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కాకపోతే నెట్ కూడా జూన్, డిసెంబరు విడతల పరీక్షే. ఇగ్నో పరీక్షల టైమ్‌టేబుల్ చూసుకున్నాకే ఏ విడత రాయాలో తేల్చుకోండి.